భరతుడి జింకపిల్ల, బెంజ్ సర్కిల్ కుందేలు: జాలి తప్పా, మమకారం తప్పా?

 

పోయిన వారం మన ఛానల్‌లో జడభరతుడి కథ వీడియో చూశారు కదా. కింద ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, నీళ్లలో పడ్డ జింకపిల్లని కాపాడటం తప్పా? కాపాడినందుకే ఆయన మళ్లీ జింకగా పుట్టాడంటే, ఇక మనం జాలి చూపించాలా, వద్దా?" చాలా మంచి ప్రశ్న. వీడియోలో దానికి టైమ్ సరిపోలేదు. అందుకే ఈ పోస్ట్ నేను రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

ముందే చెప్తున్నా, నేను పండితుణ్ణి కాదు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, వీకెండ్స్‌లో మన వీడియోలకి ఎడిటింగ్ చేసే మనిషిని. కాకపోతే ఈ ప్రశ్న పోయిన ఏడాది మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. అందుకే నాకు తెలిసినంత వరకు, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

టెర్రస్ మీద బోను

మాది బెంజ్ సర్కిల్ దగ్గర, పటమట వైపు ఒక అపార్ట్‌మెంట్. పోయిన ఏడాది ఏప్రిల్‌లో మూడో ఫ్లోర్ వాళ్లు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయి ఇల్లు ఖాళీ చేశారు. రెండు రోజుల తర్వాత వాచ్‌మన్ నన్ను ఆపాడు. "బాబూ, పైన వాటర్ ట్యాంక్ పక్కన కుందేళ్లు వదిలేసి పోయారు. నేను కాస్త అన్నం పెడుతున్నా, తినట్లేదు" అన్నాడు.

పైకి వెళ్లి చూశాను. ఇనుప జాలీ బోను, అడుగు కూడా జాలీయే. అందులో రెండు తెల్ల కుందేళ్లు. ఎండిపోయిన అన్నం, మెత్తబడిన బిస్కెట్లు, సగం కొరికిన క్యారెట్. జాలీ మీదే నిలబడి నిలబడి వాటి వెనక కాళ్ల మడమల దగ్గర వెంట్రుకలు ఊడిపోయి పుండ్లు పడ్డాయి. గోళ్లు కొక్కేల్లా వంకర తిరిగాయి.

ఫోన్ చేస్తే ఆ ఇంటాయన తిట్టలేదు, దబాయించలేదు. నిజంగానే బాధపడ్డాడు. పాప పుట్టినరోజుకి రోడ్డు పక్కన బుట్టలో అమ్ముతుంటే కొన్నారట. తెల్ల కుందేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారట. రెండూ ఆడవేనని అమ్మినవాడు చెప్పాడట. రెండుసార్లు పిల్లలు పుట్టి చనిపోయాయట. వాసన వస్తోందని హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి టెర్రస్‌కి మార్చారు. "అడవిలో వదిలేద్దాం అనుకున్నామండీ, టైమ్ దొరకలేదు" అన్నాడు.

ఆయన మాట మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

తెలియక చేసే హింస

కుందేలు బొమ్మలా ఉంటుంది, అరవదు, కరవదు. అందుకే దానికి ఏమీ అక్కర్లేదనుకుంటాం. అసలు సంగతి వేరే. వేటాడే జంతువులకి దొరక్కుండా బతకాల్సిన ప్రాణి కాబట్టి నొప్పి ఉన్నా పైకి చూపించదు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. దాని తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. క్యారెట్ మనం స్వీట్ తిన్నట్టు ఎప్పుడో ఒక ముక్క, అంతే. అన్నం, బ్రెడ్, బిస్కెట్ దానికి తిండే కాదు. సగం రోజు ఏమీ తినకపోయినా, రెట్టలు వేయకపోయినా పేగుల కదలిక ఆగిపోయిందేమోనని వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. చెవులు పట్టుకుని ఎత్తకూడదు. పట్టు సరిగా లేక అది గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగిపోవచ్చు. స్నానం చేయించకూడదు. బాగా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. అంటే ఐదో తరగతి పాపకి కొనిస్తే, ఆ పాప ఇంజినీరింగ్‌కి వెళ్లేదాకా మన బాధ్యత అన్నమాట.

ఇక అడవిలో వదిలేయడం గురించి. మన పొలాల్లో, కొండల్లో తిరిగే చెవులపిల్లి వేరు, ఈ తెల్ల కుందేలు వేరు. ఇది యూరప్ కుందేలు జాతి నుంచి మనుషులు ఇంట్లో పెంచి తయారుచేసుకున్నది. ఏ కొండపల్లి అడవిలోనో, కృష్ణ లంకల్లోనో వదిలితే దానికి దాక్కోవడం కూడా సరిగా రాదు. ఆ తెలుపే దానికి శత్రువు. కుక్కకో, గద్దకో ఆహారం అవుతుంది. మనం మాత్రం "స్వేచ్ఛ ఇచ్చాం, పుణ్యం వచ్చింది" అనుకుని ఇంటికొస్తాం.

చట్టం కూడా ఉందండీ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి చోటు లేని బోనులో పెట్టడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, కారణం లేకుండా వదిలేసి పోవడం అన్నీ నేరాలే. కానీ మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ డబ్బుకి ఇద్దరు కడుపునిండా టిఫిన్ కూడా చేయలేరు. ప్రాణుల మీద దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో 51-ఎ(జి) కూడా చెప్తోంది. కాబట్టి ఇది భయంతో జరిగే పని కాదు. లోపలి నుంచి రావాలి.

నా తప్పు

డాక్టర్ చూసి ఒకటి మగది అని తేల్చారు. దాని ముందు పళ్లు పెరిగి వంకరపోయాయి, అందుకే తినలేకపోతోంది. పళ్లు కత్తిరించి, కాళ్లకి మందిచ్చి, "రెండిటినీ విడివిడిగా పెట్టండి, చల్లగా ఉండాలి, ఎండ అస్సలు పడదు" అన్నారు. ఆడ కుందేలు అప్పటికి గర్భంతో లేకపోవడం మా అదృష్టం. దాన్ని హాల్లో పెట్టాం. అమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టింది. మగదాన్ని గ్రిల్ ఉన్న బాల్కనీలో పెట్టాను. నా రూమ్‌లో కేబుల్స్ అన్నీ సర్ది దాన్ని లోపలికి తెద్దాం, ఈ రిలీజ్ అయ్యాక చూద్దాం అనుకున్నాను.

మే నెల ఆఖరి వారం. బెజవాడలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ప్రొడక్షన్‌లో ఏదో సమస్య. ఉదయం 11 గంటలకి కాల్‌లో కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపు వేసుకుని, ఏసీ 24లో పెట్టుకుని. అమ్మ ఊళ్లో లేదు. మధ్యలో రెండుసార్లు గుర్తొచ్చింది. ఐదు నిమిషాల్లో లేద్దాం అనుకున్నాను. లేచేసరికి 3 దాటింది.

అది పక్కకి వాలి పడుకుని ఉంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. కుందేలుకి మనలా చెమట పట్టదు, వేడి బయటికి పంపేది ఎక్కువగా ఆ చెవులే. నీళ్ల బాటిల్ ఖాళీ. తడిగుడ్డ చుట్టి ఆటోలో బయల్దేరాను. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా చేతుల్లోనే పోయింది.

నాకూ దానికీ మధ్య ఉన్నది ఒక అద్దం తలుపు, పది అడుగుల దూరం. మూడో ఫ్లోర్ ఆయన మీద వచ్చిన కోపం గుర్తుందా? "టైమ్ దొరకలేదు" అన్నాడని కదా తిట్టుకున్నాను. నేను చేసింది కూడా సరిగ్గా అదే. ఆయనకి ఏడాది పట్టింది, నాకు నాలుగు గంటలు పట్టింది.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటుంది. మనం హింస అంటే కొట్టడం, చంపడం అనుకుంటాం. మనలాంటి వాళ్లం అలా ఎవర్నీ కొట్టం. మన హింస వేరే రకం. మనకి ద్వేషం ఉండదు, మనసు వేరే చోట ఉంటుంది. బోనులో ఉన్న ప్రాణి తలుపు తీసుకుని నీళ్ల దగ్గరికి వెళ్లలేదు. దాన్ని బోనులో పెట్టిన క్షణం నుంచే దాని నీళ్లు, నీడ అన్నీ మన గుర్తు మీద ఆధారపడి ఉంటాయి. అక్కడ మర్చిపోవడం చిన్న తప్పు కాదు. నేను "దయగలవాణ్ణి" అని నలుగురూ మెచ్చుకుంటుండగానే ఆ తప్పు జరిగిపోయింది.

ఇక మమకారం సంగతి

ఆ తర్వాత నేను పూర్తిగా అటు తిరిగిపోయాను. చిట్టిని నా రూమ్‌లోకి మార్చాను. రాత్రి రెండుసార్లు లేచి ఊపిరి తీస్తోందా లేదా అని చూసేవాణ్ణి. గరిక కోసం తెల్లారుజామునే కాలవ గట్టు వెంట తిరిగేవాణ్ణి. వినాయకుడికి ఇష్టమని మనం చవితినాడు పెట్టే గరికే, కుందేలుకీ చక్కటి తిండి. మందులు కొట్టని చోట కోసి, కడిగి పెట్టాలి, అంతే. ఫ్రెండ్ పెళ్లికి రాజమండ్రి వెళ్లలేదు. ఆఫీసులో కూర్చున్నా కెమెరాలో దాన్నే చూస్తుండేవాణ్ణి. సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నా, కళ్లు మూసుకుంటే ఆ తెల్ల చెవులే.

ఈలోగా ఉయ్యూరు దగ్గర ఒక కుటుంబం గురించి తెలిసింది. రిటైరైన టీచరమ్మ గారు, భర్త. కింది అంతస్తులో చల్లటి గది, గోడ కట్టిన పెరడు, అప్పటికే ఆపరేషన్ చేయించిన ఒక మగ కుందేలు. దాని జోడీ పోయింది, ఒంటరిగా ఉందట. కుందేళ్లు గుంపుగా బతికే ప్రాణులు, వాటికి తోడు కావాలి. మా ఇంట్లో చిట్టికి ఆ తోడు లేదు.

వాళ్లు అడిగితే నేను రెండుసార్లు కాదన్నాను. మొదటిసారి వాళ్ల పెరటి గోడ ఎత్తు చాలదన్నాను. వాళ్లు పైన జాలీ వేయించారు. రెండోసారి పెద్దవాళ్లు, ఓపిక ఉండదేమో అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు తయారయ్యాను, నిజంగా కుందేలు విషయంలోనే!

ఒకరోజు అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది: "నాన్నా, దాన్ని వాళ్లకి ఇవ్వనంటున్నావే, అది దాని కోసమా, నీ కోసమా?"

నా దగ్గర సమాధానం లేదు. నిజానికి ఉంది, చెప్పడానికి నోరు రాలేదు. చిట్టి నా దగ్గర ఉన్నంత కాలం, ఆ మే నెల మధ్యాహ్నం నేను చేసినదానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నట్టు ఉండేది. అంటే నేను చూసుకుంటున్నది చిట్టిని కాదు, నా అపరాధ భావాన్ని. అది ఇంకో రకం బోను. ఈసారి జాలీ కనపడదు, అంతే తేడా.

భరతుడు ఎక్కడ జారాడు?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. భాగవతం ఐదో స్కంధంలో కథ ఇది. తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని రాసింది పోతనగారు కాదు, గంగన. భరతుడు రాజ్యం కొడుకులకి అప్పగించి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమంలో తపస్సు చేసుకుంటున్నాడు. నిండు చూలుతో ఉన్న లేడి నీళ్లు తాగుతుండగా సింహం గర్జించింది. భయంతో ఏరు దాటబోయి దూకింది. పిల్ల నీళ్లలో పడింది, తల్లి చనిపోయింది. భరతుడు ఆ పిల్లని తీసి పెంచాడు.

ఇందులో ఎక్కడా తప్పు లేదండీ. ఆయన నీళ్లలోకి దిగకుండా కళ్లు మూసుకుని జపం చేసుకుని ఉంటే, అది తపస్సు అనిపించుకునేదా? తప్పు తర్వాత మొదలైంది. పిల్ల పెరిగింది, గడ్డి మేయడం నేర్చింది, గెంతడం నేర్చింది. అడవి పక్కనే ఉంది. కానీ ఆయన మనసులో "దీనికి ఏం కావాలి" అన్న ప్రశ్న పోయి, "నా లేడి ఏది, నా లేడి ఇంకా రాలేదే" అన్న ప్రశ్న వచ్చింది. పూజ తప్పింది, నియమం తప్పింది, చివరి క్షణంలో కూడా అదే కళ్ల ముందు ఉంది. జింకగా పుట్టాడు.

నాకు అర్థమైనంత వరకు జాలికీ మమకారానికీ తేడా ఇదే. జాలి అడిగే ప్రశ్నలో ఆ ప్రాణి ఉంటుంది. మమకారం అడిగే ప్రశ్నలో నేను ఉంటాను. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండిట్లోనూ పాలు పడతాం, రాత్రుళ్లు మేలుకుంటాం. తేడా తెలిసేది ఒక్కసారే, దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాల్సిన రోజున.

"అయితే ఏదీ పట్టించుకోకుండా ఉంటే సరిపోతుంది కదా" అనకండి. కథ అక్కడితో అయిపోలేదు. జింక జన్మ తర్వాత ఆయన జడభరతుడిగా పుట్టాడు, ఎవరితోనూ సంబంధం లేనట్టు ఉండేవాడు. రహూగణ మహారాజు బోయీలు ఆయన్ని పట్టుకొచ్చి పల్లకి మోయించారు. పల్లకి కుదుపులకి రాజుకి కోపం వచ్చింది. అసలు ఎందుకు కుదిపింది? కాళ్ల కింద ఏ పురుగూ నలగకూడదని, ముందు నేలని చూసుకుంటూ అడుగు వేసేవాడు కాబట్టి, మిగతా బోయీలతో ఆయన నడక కలవలేదు.

ఇది చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. జింక మీద జాలి వల్లే రెండు జన్మలు ఆలస్యమయ్యాయని తెలిసిన మనిషి, ఆ జ్ఞాపకం ఉన్న మనిషి, జాలిని వదిలేయలేదు. చీమ దాకా తీసుకెళ్లాడు. ఆయన వదిలింది "నాది" అన్న ఒక్క మాటని. తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

వదిలేయడం వేరు, అప్పగించడం వేరు

అలా అని "నేను మమకారం వదిలేశాను" అంటూ ప్రాణిని రోడ్డు మీద వదిలేస్తే? దానికి ధర్మరాజు ఉన్నాడు. మహాప్రస్థానంలో వెంట వచ్చిన కుక్కని వదిలేసి రథం ఎక్కమంటే ఆయన ఎక్కనన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని నా సుఖం కోసం వదలను అన్నాడు. స్వర్గం కూడా "నా సుఖం" లెక్కలోకే వచ్చింది ఆయనకి.

భరతుడు విడవలేక జారాడు, ధర్మరాజు విడవకుండా నిలబడ్డాడు. ఎవరిది సరి? ఇద్దరి కథలకీ నేను ఒకే ప్రశ్న వేసుకున్నాను. విడవడం వల్ల ఎవరికి మేలు? నా బరువు దిగడం కోసం విడిస్తే అది వదిలేయడం. దాని బతుకు బాగుపడటం కోసం, దాని బరువు మోయగల చేతుల్లో పెడితే అది అప్పగించడం. మన పెళ్లిళ్లలో అప్పగింతలు అంటాం కదా. పోలిక కొంచెం ఎక్కువే, కానీ ఆ మాటలో ఉన్న అర్థం చూడండి. కళ్లనీళ్లు ఉంటాయి, ఆ చేతుల్ని చూసుకోవడం ఉంటుంది, రేపు ఏదైనా అయితే ఈ గుమ్మం తెరిచే ఉంటుందన్న మాట ఉంటుంది.

కార్తీకం మొదట్లో ఒక ఆదివారం చిట్టిని ఉయ్యూరు తీసుకెళ్లాం. గడ్డి బస్తా, అది పడుకునే పాత తువ్వాలు, తిండి వివరాలు రాసిన కాగితం తీసుకెళ్లాను. మూడు మాటలు అనుకున్నాం. మొదటి నెల ట్రయల్. కుదరకపోతే ఎవరికీ ఇవ్వకుండా, అమ్మకుండా నాకే తిరిగివ్వాలి. నెలకోసారి నేను వచ్చి చూడొచ్చు. రెండు కుందేళ్లని ఒకేసారి కలపలేదు. మధ్య జాలీ పెట్టి, వాసనలు అలవాటయ్యాక కలిపారు. మూడో వారానికి రెండూ ఒకదానికొకటి ఆనుకుని పడుకున్న ఫోటో వచ్చింది. ఆ ఫోటో చూసి సంతోషం వేసింది. కాస్త గుచ్చుకుంది కూడా. నేను లేకుండా అది హాయిగా ఉంది. నాలో ఇంకా భరతుడు మిగిలే ఉన్నాడని ఆ గుచ్చుకోవడం చెప్పింది.

రెండు సందేహాలు

"రోడ్డు మీద ఎండలో అమ్ముతుంటే జాలేసి కొంటే తప్పేంటి?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. నాకూ ఆ బుట్ట చూస్తే చేయి జేబులోకి పోతుంది. కానీ ఆ ఒక్కదాన్ని కొంటే, రేపు ఆ బుట్టలో ఇంకోటి వస్తుంది. కుందేలు గర్భం నెల రోజులే, వాటికేం కొరత ఉండదు. శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడినప్పుడు ఇంకో ప్రాణితో డేగ ఆకలి తీర్చలేదు, తన ఒంట్లోంచి కోసి ఇచ్చాడు. మన దయకి అయ్యే ఖర్చు మనమే పెట్టుకోవాలి, కనపడని ఇంకో కుందేలు మీద వేయకూడదు. కొనే బదులు, పెంచలేక ఇబ్బంది పడుతున్న ఇంటి నుంచి తెచ్చుకోండి. ఎక్కడైనా హింస కనిపిస్తే ఫోటో తీసి ఫిర్యాదు చేయండి. 2018 నుంచి పెట్ షాపులకి రిజిస్ట్రేషన్ ఉండాలని రూల్స్ ఉన్నాయి.

"మనుషులకే దిక్కులేదు, కుందేళ్లా?" అని ఇంకో మాట. నిజమే, మనుషులకి చేయాల్సింది చాలా ఉంది. కానీ ఈ మాట అనేవాళ్లని నేనొకటి అడుగుతాను. కుందేలుకి నీళ్లు పెట్టడం మానేసిన ఆ నాలుగు గంటలు నేను ఏ మనిషికి సాయం చేశాను? పక్కనున్న ప్రాణిని గమనించే అలవాటు ఒకటే ఉంటుంది. అది కుందేలుకి వేరుగా, ఇంట్లో ఉన్న నాన్నమ్మకి వేరుగా ఉండదు.

చందమామలో మనవాళ్లు కుందేలుని చూసి శశాంకుడు అని పేరు పెట్టారు. కుందేలు ఉన్న చోటు ఎంత చల్లగా ఉండాలో ఆ పేరే చెప్తోంది అనుకుంటాను నేను. ఈ ఎండాకాలం మీ ఇంట్లో, మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఏ బోనైనా ఉందేమో ఒక్కసారి వెళ్లి చూడండి. నీళ్లు ఉన్నాయో లేవో చూడండి. "ఐదు నిమిషాల్లో" అనుకోకుండా ఇప్పుడే లేవండి.

ఆటోలో నా చేతుల్లో పోయిన ఆ కుందేలుకి నేను పేరు కూడా పెట్టలేదు. ఈ పోస్ట్ దానికి.

మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే కింద రాయండి. వచ్చే వారం వీడియోలో గజేంద్ర మోక్షం చెప్పుకుందాం.

కృష్ణార్పణం.